బహ్లాలో భోజనానికి పిలిస్తే

గురువారం మధ్యాహ్నం రెండున్నర దాటగానే మస్కట్‌లో ప్రభుత్వ కార్యాలయాలు ఖాళీ అవుతాయి. మరో గంటకల్లా నిజ్వా వైపు వెళ్ళే రహదారి నిండా కార్లే. రాజధానిలో కొలువు చేసే ఒమానీల్లో చాలామందికి అక్కడ ఉన్నది బస మాత్రమే, ఇల్లు ఊళ్ళో ఉంటుంది. తల్లిదండ్రులు, అన్నదమ్ముల పిల్లలు, తాతలనాటి ఖర్జూరపు తోట, అన్నీ అక్కడే. 2013లో వారాంతపు సెలవును గురు, శుక్రవారాల నుంచి శుక్ర, శనివారాలకు మార్చినా ఈ ప్రయాణం ఆగలేదు. బయల్దేరే ముందు వాళ్ళలో ఒకరు పక్క బల్ల దగ్గరి తెలుగు సహోద్యోగితో అంటారు: "ఈ వారం మాతో బహ్లా రా. మా ఇంట్లో భోంచేద్దువు గాని." తెలుగాయన నవ్వుతాడు, "ఇన్‌షా అల్లా" అంటాడు, సాయంత్రం తన ఫ్లాటుకు తాను వెళ్ళిపోతాడు.

వెళ్ళాల్సింది బహ్లాకు.

పదేళ్ళు, పదిహేనేళ్ళు ఒకే దేశంలో పనిచేసి, ఆ దేశపు ఒక్క పల్లె ఇంటి గడప కూడా తొక్కకుండా తిరిగొచ్చేవాళ్ళు మనలో కొల్లలు. మస్కట్‌లోని రువీలో అద్దె ఇల్లు, ఆఫీసు, వారానికోసారి పెద్ద మార్కెట్టు, ఉగాదికీ సంక్రాంతికీ తెలుగు సంఘం కార్యక్రమం. చదువుకున్నవారి ఒమన్ చాలావరకు ఇంతే. కూలి పనికి వెళ్ళినవారిది మరీ ఇరుకు: క్యాంపు, బస్సు, సైటు. అందుకే కోనసీమలోనైనా, జగిత్యాలలోనైనా "గల్ఫ్" అన్న మాటకు ఎండ, ఇసుక, అర్బాబు (యజమాని), ఇంటికి పంపే డబ్బు తప్ప వేరే రూపం లేకుండా పోయింది. అక్కడా ఊళ్ళున్నాయనీ, ఆ ఊళ్ళలో నీటి వంతులు, పంట లెక్కలు, ముసలివాళ్ళ జ్ఞాపకాలు ఉన్నాయనీ మనకు తెలిసేది ఒక ఇంటికి చుట్టంలా వెళ్ళినప్పుడే. జీతం ఇచ్చేవాడు, తీసుకునేవాడు అన్న సంబంధం ఒక్క పూటైనా పక్కకు జరగాలంటే, ఒకే పళ్ళెం చుట్టూ కూర్చోవడం కన్నా దగ్గరి దారి లేదు.

మస్కట్ నుంచి బహ్లా సుమారు 200 కిలోమీటర్లు. హజర్ పర్వతాలను తూర్పు, పడమరలుగా చీల్చే సమాయిల్ కనుమ గుండా దారి సాగుతుంది. ఇజ్కీ, బిర్కత్ అల్ మౌజ్, నిజ్వా దాటి పడమరగా మరో 40 కిలోమీటర్లు వెళ్ళాలి. ఎడారి అనగానే ఇసుక దిబ్బలు ఊహించుకున్నవారికి ఇక్కడ కనిపించేవి బోడి రాతి కొండలు, వాటి పాదాల దగ్గర దట్టమైన ఖర్జూరపు వనాలు. కారు ఇబ్రీ వైపు సాగుతుండగా ఉన్నట్టుండి ఒక మట్టి కోట లేస్తుంది. దాని సంగతి ముందుగా తెలియనివారు కొండలో భాగమనుకుంటారు, రెండింటి రంగూ ఒకటే.

రాతి పునాదుల మీద కాల్చని ఇటుకలతో కట్టిన ఆ కోట 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఒమన్ నుంచి ఆ జాబితాలో చేరిన తొలి కట్టడం అదే. 12వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం చివరి దాకా ఈ ప్రాంతాన్ని ఏలిన బనూ నభాన్ తెగ వల్ల బహ్లా వర్ధిల్లింది. అయితే మట్టి గోడ వానకు నిలవదు. ప్రతి వానాకాలం తర్వాత కొంత కొంత కరిగిపోతుండటంతో 1988లోనే దాన్ని ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో పెట్టారు. ఏళ్ళ తరబడి మరమ్మతులు సాగాక 2004లో ఆ జాబితా నుంచి తీసేశారు. కోట తలుపులు సందర్శకులకు మళ్ళీ తెరుచుకున్నది 2012లో. ఊరినీ, తోటలనూ కలిపి చుట్టుకునే పాత ప్రాకారం పొడవు పన్నెండు కిలోమీటర్ల పైమాటే. దాన్ని ఒక స్త్రీ కట్టించిందని ఊళ్ళో చెప్పుకుంటారు.

జిన్‌ల కథలూ బహ్లాకు ఉన్నాయి. మంత్రతంత్రాల ఊరని దేశమంతటా పేరు. మనవాళ్ళు కొందరు ఆ ఊరి మనిషి కనబడగానే మొదట అడిగేది ఈ సంగతే. అది సరికాదు. శతాబ్దాలుగా ఇస్లామిక్ న్యాయశాస్త్రం చెప్పుకున్న ఊరు అది. 10వ శతాబ్దంలో ఇస్లాంలోని ఇబాదీ శాఖ పండితుడు ఇబ్న్ బరకా ఇక్కడే పాఠశాల నడిపాడు. ఆ ఊరి ఇంటికి వెళ్తూ చేతబడి ముచ్చట ఎత్తడం, పల్లెటూరి నుంచి వచ్చిన తెలుగువాణ్ణి పట్టుకుని మీ ఊళ్ళో బాణామతి ఉందటగా అని అడగడం లాంటిదే.

ఇంటికి చేరిన అతిథి మొదట అడుగుపెట్టేది మజ్లిస్‌లో, అంటే వచ్చినవారిని కూర్చోబెట్టే గదిలో. ఒమన్ లోపలి ప్రాంతాల్లో ఊరి ఉమ్మడి మజ్లిస్‌ను సబ్లా అంటారు. పెళ్ళి మాటలు, పరామర్శలు, తగవులు అన్నీ అక్కడే. ఇంటి మజ్లిస్‌లో బల్లలూ కుర్చీలూ తక్కువ. గోడ చుట్టూ పరుపులు, దిండ్లు, మధ్యలో తివాచీ ఉంటాయి. చెప్పులు గుమ్మం బయట వదలాలి. ఆ సంగతి తెలుగువారికి ఎవరూ నేర్పక్కర్లేదు. లోపల ఉన్నవాళ్ళంతా లేచి నిలబడతారు. వచ్చినవాడు కుడివైపు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరికీ చేయి కలుపుతూ పోవాలి. తర్వాత యోగక్షేమాల వరస. ఎలా ఉన్నావు, ఇంట్లోవాళ్ళెలా ఉన్నారు, మీ దేశంలో విశేషాలేమిటి, వానలు పడ్డాయా. ఒకరు అడిగి ఆపితే మరొకరు అందుకుంటారు. తొందరలో ఉన్నవాడికి ఇది ఎడతెగనిదనిపించవచ్చు. నిజానికి ఇది కొత్త మనిషిని గుంపులో కూర్చోబెట్టే పద్ధతి. పని విషయం ఏదైనా ఉంటే దీని తర్వాతే.

ఖర్జూరాలు వస్తాయి, పళ్ళు వస్తాయి, చిన్న గిన్నెల్లో ఒమానీ హల్వా వస్తుంది. పిండి, చక్కెర, నెయ్యి, కుంకుమపువ్వు, పన్నీరు, యాలకులు వేసి గంటల తరబడి కలియబెట్టిన పదార్థం అది. ఆ తర్వాత ఖహ్వా. యాలకులు వేసి కాచిన చేదు కాఫీని కుటుంబంలోని కుర్రవాడు నిలబడి, ఎడమ చేత కూజా, కుడి చేత చిన్న కప్పు పట్టుకుని పోస్తాడు. కప్పులో పోసేది రెండు మూడు గుక్కలే. చాలనిపిస్తే కప్పును అటూ ఇటూ చిన్నగా ఊపాలి, లేకపోతే పోస్తూనే ఉంటాడు. చక్కెర ఉండదు. తీపి ఖర్జూరంలో ఉంది, చేదు కాఫీలో ఉంది, రెండూ కలిపి తీసుకోవాలి. ఈ అరబ్ కాఫీ సంప్రదాయాన్నీ, మజ్లిస్‌నూ 2015లో యునెస్కో మానవాళి అమూర్త వారసత్వంగా గుర్తించింది. ఒమన్, సౌదీ అరేబియా, ఖతార్, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ కలిసి ఆ ప్రతిపాదన పెట్టాయి.

భోజనం నేల మీదే. పెద్ద పళ్ళెంలో అన్నం, దాని మీద మాంసం. నలుగురైదుగురు చుట్టూ కూర్చుని తమ ముందున్న భాగం నుంచి కుడిచేత్తో తింటారు. ఇంటాయన మంచి ముక్క ఏరి అతిథి వైపు జరుపుతాడు. పండగ రోజుల్లోనైతే షువా ఉంటుంది. మసాలా పట్టించిన మాంసాన్ని ఆకుల్లో చుట్టి, సంచుల్లో పెట్టి, భూమిలో తవ్విన పొయ్యిలో నిప్పుల మీద ఒకటి రెండు రోజులు కప్పిపెడతారు. ఊళ్ళో చాలా ఇళ్ళవాళ్ళు తమ తమ మూటలు ఒకే గుంతలో వేసుకుంటారు. గోధుమ, మాంసం కలిపి మెత్తగా ఉడికించిన హరీస్ హైదరాబాద్ వాళ్ళకు కొత్తేమీ కాదు. నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు నేటికీ బార్కాస్‌లో దాన్ని వండుతున్నారు. ఆఫీసులో చెంచా పట్టిన తెలుగువాడు ఇక్కడ చేత్తో తినడం చూసి హాయిగా ఊపిరి పీల్చుకుంటాడు. శాకాహారి అయితే ముందే చెప్పాలి. చెబితే నొచ్చుకోరు. చెప్పకుండా వెళ్ళి ముక్క ముట్టకపోతే మాత్రం ఇంటివాళ్ళు తమ వంటలో లోపముందని బాధపడతారు.

అసలు చూడాల్సింది తిన్న తర్వాత ఉంది. ఎండ తగ్గాక ఇంటాయన అతిథిని తోటకు తీసుకెళ్తాడు. ఒమన్ పల్లెను నిలబెడుతున్న ఫలజ్ అక్కడ కనిపిస్తుంది. కొండ పాదంలో ఒక తల్లిబావి తవ్వి, అక్కడి భూగర్భ జలాన్ని సన్నటి వాలుతో సొరంగం గుండా, తర్వాత పైకాలువ గుండా ఊరికి తెచ్చే ఏర్పాటు ఇది. మోటారు లేదు, మోట లేదు, వాలు ఒక్కటే పని చేస్తుంది. యునెస్కో లెక్కన ఒమన్‌లో ఇలాంటివి దాదాపు 3,000 ఇంకా పారుతున్నాయి. వాటిలో ఐదింటిని 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. నిజ్వాలోని ఫలజ్ దారిస్, ఇజ్కీలోని ఫలజ్ అల్ మల్కీ, బిర్కత్ అల్ మౌజ్‌లోని ఫలజ్ అల్ ఖత్మీన్, మూడూ బహ్లా దారిలోనే తగులుతాయి.

కట్టడం కన్నా పంపకం గొప్పది. నీరు ఊళ్ళోకి అడుగుపెట్టిన చోట మొదటి హక్కు తాగునీటిది. ఆ తర్వాత మసీదు, స్నానాలు, బట్టలు. అవన్నీ అయ్యాక తోటలు. తోటల్లోనూ శాశ్వతంగా ఉండే ఖర్జూరాలకు ముందు, నీరు మిగిలితే కాలవారీ పంటలకు. వంతును అథర్ అనే కొలతతో లెక్కిస్తారు, ఒక అథర్ సుమారు అరగంట. పగలు నేలలో పాతిన కర్ర నీడ చూసి, రాత్రి నక్షత్రాల ఉదయాస్తమయాలు చూసి వంతు మార్చేవారు. ఇప్పుడు చాలా చోట్ల చేతి గడియారం వచ్చింది. ఫలజ్‌కు ఒక వకీల్ ఉంటాడు, అజమాయిషీ ఆయనది. పంపకం చూసేవాడు ఆరిఫ్, డబ్బు చూసేవాడు మరొకడు. కొన్ని వంతులు ఫలజ్ సొంతం. వాటిని వేలం వేసి వచ్చిన సొమ్ముతో పూడిక తీయిస్తారు, కూలిన చోట కట్టిస్తారు. తల్లిబావి చుట్టూ కొంత మేర ఎవరూ కొత్త బావి తవ్వకూడదన్న కట్టడి ఉంది. భూమి అమ్ముకున్నా నీటి వంతు ఉంచుకోవచ్చు, వంతు అమ్మి భూమి ఉంచుకోవచ్చు.

ఈ లెక్క వింటున్న తెలుగు రైతు బిడ్డకు తన ఊరి చెరువు గుర్తుకు రాకమానదు. రాయలసీమలో నీరుగంటి, తెలంగాణలో నీరటి చేసిన పని ఆరిఫ్ చేస్తున్నదే. చెరువు తూము ఎప్పుడు తెరవాలి, ఏ మడికి ఎంతసేపు పారాలి, కరువు ఏడాది ఎవరి పొలం వదిలేయాలి అన్నవి అతను తేల్చేవాడు. రైతులు పంటలోంచి గింజలు కొలిచి ఇచ్చేవారు. ఇక అనంతపురం వైపు పెన్న, చిత్రావతి ఇసుకలో తవ్విన ఊట కాలువలు ఫలజ్‌కు వరసకు తమ్ముళ్ళే, నది అడుగున దాగిన నీటిని వాలుతోనే పొలానికి తెచ్చేవి. బోర్లు పెరిగాక చాలా చోట్ల అవి ఎండిపోయాయి. బీదర్‌లో బహమనీల నాటి కరేజ్ సొరంగాలు కూడా ఈ కుటుంబానివే. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలై చెరువుల్లో పూడిక తీశారు. మంచి పని. కానీ పూడిక తీయడం వేరు, నీళ్ళు పంచే మనిషినీ ఆ మనిషి మాటకు ఊరు ఇచ్చే విలువనూ నిలబెట్టడం వేరు. ఆ రెండో పని ఎలా జరుగుతుందో చూడాలంటే బహ్లా తోటలో ఒక సాయంత్రం నిలబడి వంతు మారేటప్పుడు చూస్తే చాలు. ఒమన్‌కు వెళ్ళే మన ఇంజనీర్లలో, వ్యవసాయం చదివినవారిలో ఎందరు ఇది చూసి ఉంటారు? కళ్ళెదుట ఉన్న పాఠాన్ని చూడకుండా తిరిగిరావడం నష్టం, అదీ మనలాంటి నీటి కరువు సీమలవారికి.

తోటలోనే మరో బంధుత్వం బయటపడుతుంది. ఒమన్‌లో మబ్సలీ అనే ఖర్జూరపు రకం ఉంది. వేసవిలో కాయ పసుపు రంగుకు తిరిగి గట్టిగా ఉండగానే గెలలు కోసి, పెద్ద పెద్ద రాగి గంగాళాల్లో ఉడికించి, ఎండలో ఆరబోస్తారు. ఈ పనికి తబ్సీల్ అని పేరు. పెద్దలు, పిల్లలు అందరూ కలిసి చేసే పండగలాంటి పని అది. అలా ఎండిన కాయలు తరతరాలుగా భారతదేశానికే ఎక్కువగా వస్తున్నాయి. ఇంటాయనకు ఈ సంగతి తెలుసు. తమ తాత పండించిన సరుకు ఓడెక్కి ఎక్కడికి పోయేదో చెబుతాడు. మన దుకాణాల్లో ఎండు ఖర్జూరం కొనేవాళ్ళకు మాత్రం ఆ కాయ ఏ ఊరిదో తెలియదు.

మజ్లిస్‌లో ఒక మూల కూర్చుని మాట్లాడకుండా వింటున్న పెద్దాయనను కదిలిస్తే చరిత్ర మొత్తం వస్తుంది. 1970 దాకా ఒమన్‌లో రూపాయి చెలామణీ అయ్యేది. గల్ఫ్ దేశాల కోసం భారత రిజర్వు బ్యాంకు 1959 నుంచి ప్రత్యేకంగా గల్ఫ్ రూపాయి నోట్లు అచ్చువేసింది. లోపలి ఊళ్ళలో మరియా థెరిసా వెండి నాణేలు కూడా నడిచేవి. సుల్తాన్ ఖాబూస్ 1970లో గద్దెనెక్కేనాటికి దేశం మొత్తానికి మూడు బడులు, పది కిలోమీటర్ల తారు రోడ్డు మాత్రమే ఉన్నాయని చెబుతారు. అంతకుముందు 1950ల్లో లోపలి ప్రాంతాలను ఏలిన ఇమామ్ వర్గానికీ సుల్తాన్‌కూ మధ్య జరిగిన యుద్ధంలో బ్రిటిష్ విమానాలు ఈ కొండల మీద బాంబులు వేశాయి. నిజ్వా, బహ్లా మధ్య రోడ్డు పక్కన కనిపించే తనూఫ్ శిథిలాలు ఆ బాంబుల పనే. ఆ రోజుల్లో పొట్ట చేతపట్టుకుని వలస పోయింది ఒమానీలే. కువైట్‌కు, బహ్రెయిన్‌కు కూలికి, అంతకుముందు తరాల్లో ఓడలెక్కి జాంజిబార్‌కు. 1964లో అక్కడ విప్లవం వచ్చాక ప్రాణాలు అరచేత పెట్టుకుని వెనక్కి వచ్చిన కుటుంబాలు ఎన్నో. వలస అంటే ఏమిటో తెలిసిన ముసలాయన, వలస వచ్చిన తెలుగువాణ్ణి చూసే చూపు మస్కట్‌లోని కుర్ర అధికారి చూపు లాంటిది కాదు. అందుకోసమైనా ఆ ఇంటికి వెళ్ళాలి.

మర్నాడు పొద్దున కోటకు, బజారుకు, కుమ్మరుల దగ్గరకు వెళ్ళవచ్చు. బహ్లా కుండలకు ఒమన్‌లో మంచి పేరు. నీళ్ళు చల్లబరిచే వేలాడే కూజాలు, సాంబ్రాణి ధూపదానాలు అక్కడ తయారవుతాయి. దగ్గర్లోనే జబ్రీన్ కోట ఉంది. 17వ శతాబ్దంలో ఇమామ్ బిల్‌అరబ్ బిన్ సుల్తాన్ కట్టించినది, పైకప్పుల మీది రంగుల చిత్రాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి.

వెళ్ళిన జంటలో భార్యకు కలిగే అనుభవం వేరుగా ఉంటుంది, బహుశా ఎక్కువ నిండుగా కూడా. ఆమెను ఇంటి ఆడవాళ్ళు లోపలికి తీసుకెళ్తారు. మజ్లిస్‌లో మగవాళ్ళు మర్యాదలు ముగించేలోగా లోపల పిల్లల చదువులు, కాన్పుల కబుర్లు, బంగారం ధర, వంట మసాలాలు అన్నీ అయిపోతాయి. భాష చాలకపోతే కొంత హిందీ, కొంత అరబ్బీ, కొంత చేతులు. ఫోటోలు తీయకూడదన్న ఒక్క నియమం పాటిస్తే చాలు.

లోపలికి వెళ్ళిన ఆ తెలుగు స్త్రీకి వంటగదిలో మరో తెలుగు స్త్రీ కనిపించవచ్చు.

ఈ వ్యాసం అసలు చెప్పదలచుకున్నది ఇక్కడ మొదలవుతుంది. అమలాపురం, రాజోలు, నరసాపురం చుట్టుపక్కల పల్లెల నుంచి, కడప జిల్లా నుంచి ఇంటి పనికి గల్ఫ్‌కు వెళ్ళిన ఆడవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఒమన్‌లోనూ ఉన్నారు. వాళ్ళను అక్కడ ఖద్దామా అంటారు, మన ఊళ్ళలో ఆ వీసాకూ అదే పేరు. అతిథికి ఇచ్చిన ఖహ్వా కాచింది, పళ్ళెం సర్దింది, తిన్న తర్వాత తివాచీ ఊడ్చింది ఆమే కావచ్చు. ఇంజనీరు ఒక పూట చూసిన ఇంటిని ఆమె నాలుగేళ్ళుగా చూస్తోంది. ఆ ఇంటి పసిపిల్లలకు అన్నం తినిపించింది, ముసలమ్మను కనిపెట్టుకుని ఉంది. ఒమన్ పల్లెలను అందరికన్నా దగ్గరగా ఎరిగిన తెలుగువారు వీళ్ళే. వాళ్ళను ఎవరూ అడగరు.

ఈ ఇళ్ళలో ఆమెను కూతురిలా చూసుకునేవి ఉన్నాయి. పండక్కి కొత్త బట్టలు పెట్టి, ఊళ్ళో పిల్ల పెళ్ళికి డబ్బిచ్చి పంపే యజమానురాళ్ళ గురించి కోనసీమలో కథలు కథలుగా చెప్పుకుంటారు. ఇంకోవైపు హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ 2016లో ఒమన్‌లోని ఇంటిపని మనుషుల మీద ప్రచురించిన నివేదికలో పాస్‌పోర్టులు లాక్కోవడం, జీతం ఎగ్గొట్టడం, విశ్రాంతి లేని పని, కొట్టడం లాంటివి నమోదయ్యాయి. మంచి ఇల్లు దొరకడం, దొరకకపోవడం అదృష్టం మీద ఎందుకు ఆధారపడాలి? చట్టం ఆమె దాకా రాలేదు కాబట్టి. ఉద్యోగం మారడానికి పాత యజమాని అనుమతి పత్రం కావాలన్న నిబంధనను ఒమన్ 2021 జనవరి నుంచి ఎత్తేసింది. 2023లో కొత్త కార్మిక చట్టం తెచ్చింది. ఆ చట్టం ఇంటిపని వారిని తన పరిధిలోకి తీసుకోలేదు. ఇంటి పనివారి హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడికను ఒమన్ ఆమోదించలేదు. భారతదేశమూ ఆమోదించలేదని మనం ఒప్పుకోవాలి. హైదరాబాద్‌లోని ఎన్ని ఇళ్ళలో పనిమనిషికి వారపు సెలవుంది?

ఇంటి పనివారిని ఎలా చూస్తున్నామన్న ప్రశ్న ఒమానీలకు పరాయిది కాదు. ఆ దేశంలో బానిసత్వం రద్దయింది 1970లో. జోఖా అల్ హార్థీ రాసిన, ఆంగ్లంలో సెలెస్టియల్ బాడీస్ పేరుతో వచ్చిన నవల 2019లో అంతర్జాతీయ బుకర్ బహుమతి గెలిచింది. అరబ్బీ నుంచి ఆ గౌరవం పొందిన తొలి పుస్తకం అది. ఒక ఒమన్ పల్లెలోని సంపన్న కుటుంబాన్ని చెబుతూ, ఆ ఇంట్లో బానిసగా పుట్టిన జరీఫా అనే స్త్రీని ఆ నవల వంటగదిలో వదిలేయకుండా కథ నడిమధ్యకు తెచ్చింది. తమ ఇంటి లోపలి గదుల గురించి ఒమానీ రచయిత్రి అంత సూటిగా రాయగలిగినప్పుడు, ఆ ఇంటికి చుట్టంగా వెళ్ళిన తెలుగువారు వంటగది వైపు చూడకుండా రావడానికి సాకు లేదు.

అతిథిగా వెళ్ళి ఆ ఇంటి సంగతులు తరచి చూడటం మర్యాద తప్పినట్టు కాదా అని కొందరు అడుగుతారు. పోలీసులా వెళ్ళమని ఎవరూ అనడం లేదు. పది మంది ఎదుటే, ఇంటావిడ పక్కనుండగానే, "ఏ ఊరండీ మీది?" అని అడగడంలో తప్పేముంది? చాలా ఇళ్ళలో ఇంటివాళ్ళే పిలిచి, మీ దేశం మనిషి వచ్చారు మాట్లాడమని అంటారు. "పి.గన్నవరం దగ్గరండి" అన్న జవాబు వస్తే, ఎన్నాళ్ళయింది, పిల్లలెక్కడ ఉన్నారు, ఇంటికి ఫోను చేసుకుంటున్నారా అని అడగవచ్చు. జీతం నెలనెలా అందుతోందా అన్నది కూడా అడగవచ్చు. తెలుగులో అడిగితే ఆమె తెలుగులో చెబుతుంది. పక్కా ఇల్లు కట్టుకున్నానని సంతోషంగా చెప్పవచ్చు. అప్పుడు ఇంటావిడను మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. కష్టంలో ఉందని తెలిస్తే చేయగలిగింది ఉంది. మస్కట్‌లోని భారత రాయబార కార్యాలయం ఫిర్యాదులు తీసుకుంటుంది, నెలనెలా ఓపెన్ హౌస్ పెడుతుంది. మారుమూల ఊళ్ళో ఉన్న స్త్రీకి ఆ సంగతి తెలియదు, తెలిసినా వెళ్ళలేదు. వెళ్ళగలిగింది ఆ ఇంట్లో భోంచేసి వచ్చిన మనిషి. ఆ ఇంటి స్నేహితుడితో చనువుగా, నిందలు లేకుండా మాట్లాడగలిగిందీ ఆ మనిషే. చాలాసార్లు ఇది ఏ కార్యాలయం దాకా పోకుండానే సర్దుకుంటుంది, స్నేహం అందుకు పనికొస్తుంది.

పిలుపు తిరిగి ఇవ్వడం కూడా మన బాకీ. ఒమానీలు వైద్యం కోసం హైదరాబాద్ వస్తుంటారు. ఆస్పత్రి దగ్గర గది అద్దెకు తీసుకుని, రోగి పక్కన తోడున్నవారు ఏం తినాలో తెలియక ఇబ్బంది పడుతుంటారు. మస్కట్‌లో వాళ్ళతో పనిచేసే తెలుగువాడు తన అన్నకో, బావకో ఒక్క ఫోను చేస్తే వాళ్ళకు ఇంటి భోజనం దొరుకుతుంది. సెలవుకు వచ్చేటప్పుడు స్నేహితుణ్ణి సంక్రాంతికి గోదావరి చూడటానికి తీసుకురావచ్చు. మస్కట్‌లో జరిగే ఉగాదికి అధికారిని ముఖ్య అతిథిగా వేదిక మీద కూర్చోబెట్టడం ఒక పద్ధతి. ఆఫీసులోని స్నేహితుణ్ణి భార్యాపిల్లలతో ఇంటికి పిలిచి పులిహోర, గారెలు పెట్టడం వేరు.

బహ్లా వెళ్ళదలచినవారికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం, ఎండ మెత్తగా ఉంటుంది. రంజాన్ నెలలో అయితే సూర్యాస్తమయానికి ఇఫ్తార్‌కు వెళ్ళాలి. చేతిలో పూతరేకుల డబ్బా గానీ, కాకినాడ కాజా గానీ, పిల్లలకేదైనా గానీ ఉంటే సరిపోతుంది. మద్యం ఊసెత్తకూడదు. భోజనమై, మళ్ళీ ఖహ్వా అయ్యాక ఊదు, సాంబ్రాణి పొగ ఉన్న ధూపదానం చేతులు మారుతూ వస్తుంది. పొగను బట్టలకు పట్టించుకుని, అదే లేవాల్సిన వేళ అని తెలుసుకోవాలి. నిజ్వా, ఇబ్రీ కళాశాలల్లో పాఠాలు చెప్పే తెలుగు అధ్యాపకులకు ఈ ఊళ్ళు దగ్గరే, వాళ్ళ విద్యార్థులు ఈ ఇళ్ళ పిల్లలే. తెలుగు సంఘాలు ముందుగా వాళ్ళను కలుపుకుని, ఎవరు ఏ ఊరు వెళ్తున్నారో, అక్కడ మన ఆడవాళ్ళు ఎవరున్నారో, వాళ్ళ ఇళ్ళకు కబురు అందుతోందో లేదో ఒక పుస్తకంలో రాసుకోవడం ఈ ఉగాది నుంచే మొదలుపెట్టవచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఖర్చూ లేదు.